లైసెన్సు ఎంతమందికి కొనాలి?

ప్రశ్న: మాది హనుమకొండలో చిన్న సివిల్ కాంట్రాక్టు సంస్థ. ఆఫీసు, సైట్లు కలిపి 14 మందిమి. రోడ్డు పనిలో సబ్‌కాంట్రాక్టు తీసుకున్నాం. మెయిన్ కాంట్రాక్టరు నెలనెలా, పనుల ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ అయిన మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో షెడ్యూలు పంపమంటున్నారు. అమ్మడానికి వచ్చినాయన 14 మందికీ చందా కట్టాల్సిందే అంటున్నాడు. తెలిసినవాళ్లేమో క్రాక్ వెర్షన్ వేయించుకోమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: 14 లైసెన్సులు అక్కర్లేదండీ. షెడ్యూలు తయారుచేసి, మార్పులు ఎక్కించే మనిషికి లైసెన్సు ఉంటే చాలు. చూసేవాళ్లకు పీడీఎఫ్ పంపండి. నేను రోడ్డు పనుల్లో ప్లానింగ్ చూసినప్పుడు మా సైట్ ఇంజినీర్లలో ఎవరూ సాఫ్ట్‌వేర్ తెరిచేవారు కాదు. ఏ3 కాగితం మీద బార్ చార్టు (ఒక్కో పని ఎప్పటినుంచి ఎప్పటిదాకా అన్నది గీతల్లో చూపే పట్టిక) ప్రింటు తీసి సైటుకు పంపేవాళ్లం. వారాంతానికి అది ఎర్ర పెన్ను రాతలతో తిరిగొచ్చేది. జీఎస్‌బీ అనే అడుగు కంకర పొర ఏ చైనేజీ (రోడ్డు మొదలు నుంచి దూరం) దాకా పడిందో, ఏ కల్వర్టు స్లాబుకు స్టీలు రాలేదో అన్నీ బార్ల పక్కనే రాసి ఉండేవి. వాటిని చూసి ఒక్కరే కంప్యూటర్లో ఎక్కించేవారు. మీ పనీ ఇలాగే నడుస్తుందని నా నమ్మకం. ఒక్క జాగ్రత్త: చందా లైసెన్సు మనిషి పేరు మీద ఉంటుంది. ఒకే లాగిన్‌ను నలుగురు వంతులవారీగా వాడుకోవడం నిబంధనలకు విరుద్ధం.

ఇక చందానా, ఒకేసారి కొనుగోలా? అమెరికా జాబితా ధరల్లో మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ చందా (ప్లాన్ 3) మనిషికి నెలకు 30 డాలర్లు. ఒకే కంప్యూటర్‌కు ఒకేసారి కొనే స్టాండర్డ్ వెర్షన్ సుమారు 680 డాలర్లు. అంటే దాదాపు 23 నెలల చందా. పని ఏడాదిలోపే అయిపోయి, తర్వాత ఎవరూ షెడ్యూలు అడగరనుకుంటే చందా మేలు. ముందుముందు కూడా ఇలాంటి పనులే పట్టాలనుకుంటే కొనేయండి. కొత్త వెర్షన్ ఉచితంగా రాదు, కానీ బార్ చార్టుకు, ఏది ఆలస్యమైనా మొత్తం పని వెనక్కి జరిగే పనుల వరుస అయిన క్రిటికల్ పాత్‌కు పాతదే సరిపోతుంది. 10 డాలర్ల ప్లాన్ 1 చవక కదా అని తొందరపడకండి. అది బ్రౌజర్‌లో మాత్రమే నడుస్తుంది. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ సొంత ఫైలు రకమైన ఎంపీపీని తయారుచేసే డెస్క్‌టాప్ ప్రోగ్రాం అందులో రాదు. రూపాయల కొటేషన్ రాతపూర్వకంగా తీసుకుని, ఒప్పందం నెలకా, ఏడాదికా అన్నది చూడండి. నెల లెక్కన ధర చెప్పి, సంతకం మాత్రం ఏడాదికి పెట్టించుకోవడం మామూలే. బిల్లు సంస్థ జీఎస్టీ నంబరు మీదే ఉండాలి. కట్టిన 18 శాతం పన్నును మీ జీఎస్టీలో తగ్గించుకునే ఇన్‌పుట్ క్రెడిట్ సంగతి మీ ఆడిటర్‌గారు చూసుకుంటారు.

కొనేముందు మెయిన్ కాంట్రాక్టరును ఒక్క మాట అడగండి: ఎంపీపీ ఫైలే కావాలా, వేర్వేరు ప్రోగ్రాంలు చదవగలిగే ఫైలు రకం ఎక్స్‌ఎంఎల్ ఇచ్చినా సరేనా? ప్రాజెక్ట్‌లిబ్రె అనే ఉచిత ప్రోగ్రాం ఎంపీపీ ఫైళ్లు తెరుస్తుంది. ఎంపీపీగా సేవ్ చేయలేదు గానీ, మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ చదవగలిగే ఎక్స్‌ఎంఎల్ ఇస్తుంది. వాళ్లు సరేనంటే మీకు పైసా ఖర్చు లేదు. అటు తెరిచాక తేదీలు, సెలవుల క్యాలెండరు మారలేదని మొదటి నెల ఇద్దరూ కూర్చుని సరిచూసుకోండి.

క్రాక్ వెర్షన్ జోలికి మాత్రం వెళ్లొద్దు. పైరసీ కాపీ అని తెలిసీ వాడితే 1957 కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద 7 రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. పైగా ఆ కంప్యూటర్లోనే మీ బిల్లులు, టెండరు కాగితాలు ఉంటాయి. క్రాక్ ఫైలుతో వైరస్ వస్తే అవన్నీ పోతాయి. ఒక్క లైసెన్సు ఖర్చుకు భయపడి అంత టెన్షన్ నెత్తిన పెట్టుకోకండి.

ప్రశ్న: విశాఖలో మాదొక స్టార్టప్. 10 మందిమి, ఎవరి పని ఎంతవరకు వచ్చిందో చూసుకునే జీరా సాఫ్ట్‌వేర్ ఉచితంగా వాడుతున్నాం. వచ్చే నెల ఇద్దరు చేరుతున్నారు. ఆ ఇద్దరికే డబ్బు కడితే చాలా?

జవాబు: చాలదు. ఉచిత ప్లాన్ 10 మంది వరకే. 11వ ఖాతా తెరవగానే అందరికీ కట్టాలి. ముందు ఖాతాల జాబితా తీసి చూడండి. మానేసినవాళ్లవి, ఎప్పుడో ఒకసారి చూడ్డానికి క్లయింటుకు ఇచ్చినవి ఉంటే తీసేయండి. రెండు ఖాళీ అయితే గండం గడిచినట్టే. లేకపోతే ఇలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ రెడ్‌మైన్ ఉంది. లైసెన్సుకు డబ్బు కట్టక్కర్లేదు గానీ సర్వరు, బ్యాకప్, అప్‌డేట్లు చూడ్డానికి లినక్స్ తెలిసినవాళ్లు కావాలి. అలాంటివాళ్లు మీలో లేకపోతే డబ్బు కట్టి జీరాలోనే ఉండమంటాను. ఏది వాడినా నెలకోసారి డేటా ఎక్స్‌పోర్ట్ చేసి మీ దగ్గర పెట్టుకోండి. ఎందుకంటే, సొంత సర్వరులో పెట్టుకునే జీరా సర్వర్‌ను శాశ్వత లైసెన్సుతో కొన్నవాళ్లకు కూడా 2024 ఫిబ్రవరి 15తో కంపెనీ సపోర్ట్ ఆగిపోయింది.

ప్రశ్న: భీమవరంలో బీటెక్ సివిల్ చదువుతున్నాను. ఉద్యోగానికి ప్రైమవెరా అనే ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ కావాలంటున్నారు. కొనే స్తోమత లేదు.

జవాబు: నువ్వు కొనక్కర్లేదు బాబూ, ఉద్యోగమిచ్చే కంపెనీయే కొంటుంది. ఈలోపు, ఇలాంటి షెడ్యూళ్లే వేసే, ఉచితంగా దొరికే గాంట్‌ప్రాజెక్ట్‌లో మీ ఊళ్లో కడుతున్న ఒక ఇంటి పని మొత్తం వేసి చూడు. ఏ పని తర్వాత ఏ పని వస్తుందో, ఎక్కడ ఆలస్యమైతే గృహప్రవేశం వెనక్కి జరుగుతుందో నీకే తెలుస్తుంది. ఆ తర్వాత ప్రైమవెరా కోర్సులో చేరు. ఫీజు కట్టేముందు, అసలు లైసెన్సు ఉన్న కాపీ మీదే నేర్పిస్తారా అని ఇన్‌స్టిట్యూట్‌ వాళ్లను అడుగు.