సమాధానం: ఆర్డర్‌లోనే తప్పు స్కేలు, ఇప్పుడు రికవరీ నోటీసు

అన్నా, దేవరకొండలో ఆఫీస్ సబార్డినేట్‌గా చేరినప్పుడు నియామక ఉత్తర్వులోనే మీ పోస్టుకు ఉండాల్సిన దానికంటే పై జీతం స్కేలు పడిందని, ఏడేళ్ల తర్వాత ఆ ఎక్కువంతా జీతంలో కోస్తామని నోటీసు వచ్చిందని రాశారు. ముందు టెన్షన్ వదలండి. తప్పు మీది కాదు.

పంజాబ్ ప్రభుత్వం, రఫీక్ మసీహ్ కేసులో సుప్రీంకోర్టు 2014 డిసెంబర్ 18న ఇచ్చిన తీర్పు తీసి పెట్టుకోండి. క్లాస్ త్రీ, క్లాస్ ఫోర్ (గుమాస్తా, అటెండర్ స్థాయి) ఉద్యోగుల నుంచి ఇలాంటి సొమ్ము వెనక్కి తీసుకోవద్దని అందులో ఉంది. ఐదేళ్లకు మించి పొరపాటుగా ఇస్తూ వచ్చినా అంతే. మీకు రెండూ వర్తిస్తాయి.

ఒక్కచోట జాగ్రత్త. 'ఎక్కువ వస్తే తిరిగి కడతాను' అని ఎప్పుడైనా సంతకం పెట్టారా? 2016లో జగ్‌దేవ్ సింగ్ కేసులో అలాంటి హామీ పత్రం వల్లే ఉద్యోగి ఓడిపోయాడు. అందుకే సర్వీస్ రిజిస్టర్ (మీ ఉద్యోగ వివరాలు రాసే పుస్తకం) నకలు అడగండి. మహబూబ్‌నగర్‌లో మా అన్నయ్యకూ ఇదే గొడవ. రిజిస్టర్ తిప్పితే పాత స్కేలు ఎర్ర సిరాతో కొట్టేసి ఉంది, పక్కన పొట్టి సంతకం, తేదీ లేదు. స్కేలు దిద్దింది ఆఫీసేనని చూపిన ఆ పేజీయే ఆయన్ను కాపాడింది.

మీరు ఏదీ దాచలేదని, ఆఫీసు వేసిన స్కేలే తీసుకున్నారని గడువులోపే జవాబు రాసి ఇచ్చి, మీ నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. కోతకు ఒప్పుకుంటున్నానన్న సమ్మతి లేఖ మీద మాత్రం సంతకం పెట్టొద్దు. అయినా కోస్తే ఆ కోత ఆపమని హైకోర్టులో రిట్ పిటిషన్ వేయండి. ఇక ముందు జీతం సరైన స్కేలుకు తగ్గిస్తే మాత్రం ఆపడం కష్టం, ఇంటి ఖర్చు అందుకు తగ్గట్టు చూసుకోండి.