కమిటీ చైర్మన్ అయిన నా బిడ్డకు పెద్దమ్మ రాసేది

బిడ్డా,

ఊరి మహిళా సంఘాల సమాఖ్య (వీవో) అధ్యక్షురాలివి కాబట్టి నిన్నే సర్కారు బడి బాగోగులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీకి చైర్మన్‌ను చేసిండ్రని, తల్లిదండ్రులందరినీ బడికి రప్పిస్తనని నువ్వు పట్టు పట్టినవని మీ అమ్మ ఫోన్ల చెప్పింది. కడుపు నిండింది బిడ్డా, కానీ రాత్రి నిద్ర పట్టలే, నీ తొందర నాకు తెల్సు కద.

రిజిస్టర్ రాయి, తీర్మానాల మీద సంతకాలు పెట్టించు, హెడ్మాస్టర్ సార్‌తోని మంచిగుండు. సంఘం లెక్కలు చూసేదానివి, ఇవి నీకు చెప్పాల్నా.

నా భయమంతా మీటింగ్ గురించే. నేను అంగన్వాడీల చేస్తున్నప్పుడు పక్కూరి బడిల ఒక పెద్దమనిషి, పేరెందుకులే, తల్లిదండ్రులను పిలిచి అందరి ముందట మార్కులు, పిల్లలు రాని దినాలు చదివిండు. ఒక్కొక్కళ్లను లేపి నిలబెట్టి నీ బిడ్డను ఎందుకు పంపలే అని అడిగిండు. ఒక తల్లి పత్తి ఏరుడు ఇడిసిపెట్టి, ఆ దినం కూలి పోగొట్టుకొని వచ్చింది, చిన్న పిల్లగాన్ని చూసుకోనీకి పెద్దదాన్ని ఇంట్ల ఉంచిన అని అంతమందిల ఎట్ల చెప్తది? తల కిందికేసుకొని నిలబడ్డది, ఎనక పిల్లలు నవ్విండ్రు. మళ్ల మీటింగ్‌కు ఆమె రాలే, ఆమె వాడకట్టు వాళ్లు ఒక్కరు రాలే, తిట్టనీకే పిలుస్తరు అని ఊరంత మాట పాకింది. ఆ పిల్ల ఎనిమిదో తరగతి, మా అమ్మను చూసి నవ్విన బడికి పోను అన్నది, ఆ ఏడే పత్తి చేన్ల పడ్డది. ఇంటికి పోయి బతిమాలినం, రాలే. ఆడపిల్ల ఒక్కసారి పుస్తకం ఇడిసిందంటే ఎనకనే పెండ్లి మాట లేస్తది, నాకు అదే గుబులు. చేతులు జోడించి చెప్తున్న, ఎవరి పిల్లల ముచ్చట వాళ్లతోనే పక్కకు కూసొని మాట్లాడు, మైకుల వద్దు.

మూడో శనివారం మీటింగ్ అంటరు సరే, కూలి పొయ్యేటోళ్లు పగటీలి ఎట్ల వస్తరు? తండా వాళ్ల దగ్గరికి నువ్వే పో, వాళ్లు చేన్ల నుంచి వచ్చి బువ్వ తిన్నంక, సేవాలాల్ గుడి కాడ కూసో, లంబాడీ మాట్లాడే అమ్మాయిని ఎంబడి తీస్కపో. 2022ల సర్కారు బడిల ఇంగ్లీష్ మీడియం వచ్చినకాన్నుంచి తల్లులు మాకేం తెల్వదని ఎనకకు పోతున్నరు. చదువు రాకున్నా చెయ్యొచ్చని చెప్పు, పొద్దుమీకి పిల్లగాన్ని పక్కన కూసోబెట్టుకొని గట్టిగ చదవమనాలె, ఇయ్యాల బడిల ఏమైందని అడగాలె, నోటు పుస్తకంల టీచర్ ఎర్ర టిక్కు కొత్తది పడ్డదా లేదా చూడాలె. టిక్కు చూడనీకి అక్షరం రావాల్నా చెప్పు?

2009 చదువు హక్కు చట్టంల బడి కమిటీల ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలె, సగం మంది ఆడోళ్లుండాలె అని రాసిండ్రు. అంటే అడిగే హక్కు మనదే, భయపడకుండ్రి అని వాళ్లకు చెప్పు.

ఇంకోటి, మన పాలమూరు దిక్కు దసరా దాటినంక ముంబై, పూణె, పట్నం అని ఇంటికి తాళమేసి పోతరు, పిల్లలను ఎంబడి తీస్కపోతరు. ముందుగాలనే ఎవరెవరు పోతున్నరో ఇల్లిల్లు అడిగి రాసుకో, ఆ లెక్క పట్టుకొని మండల విద్యాధికారి ఎంఈవో దగ్గర, వలస పోయేటోళ్ల పిల్లలు ఇక్కడనే ఉండి చదువుకునే సీజనల్ హాస్టల్ అడుగు, పోయినంక అడిగితే లాభం లేదు. ముసలోళ్ల దగ్గర ఉంచి పోయే పిల్లలుంటే కమిటీల ఎవరో ఒకరు వాళ్లను చూసుకోవాలె.

నువ్వు మీటింగ్ మీటింగ్ అని తిరిగి నీ పిల్లగాని పుస్తకం చూసుడు మర్చిపోయినవనుకో, నేను ఊకోను. యాళ్లకు తిను. ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లల పేర్లు రాసి వాట్సాప్‌ల పెట్టు, మనవరాలితోని చదివించుకుంట. పత్తి పనులు మొదలు కాకముందే వస్త, తండాకు ఇద్దరం పోదాం.

మీ పెద్దమ్మ