గ్రాస్కోప్‌లో బస, క్రూగర్‌లో సఫారీ: దీనికి అప్పు అక్కర్లేదు

ప్రశ్న: నేను హనుమకొండలో గవర్నమెంట్ టీచర్‌ని. వయసు 47. మా ఆవిడది ప్రైవేటు ఉద్యోగం. ఇద్దరి జీతాలు కలిపి చేతికి నెలకు 1.35 లక్షలు వస్తాయి. హోం లోన్ ఈఎంఐ 28 వేలు, ఇంటి ఖర్చులన్నీ పోను 25 వేలు మిగులుతాయి. పాప ఈ నెలలోనే ఇంటర్ ఫస్టియర్‌లో చేరింది. తన ఇంజనీరింగ్ కోసం 6 లక్షల ఎఫ్‌డీ ఉంది. 2 లక్షల చిట్టీ జనవరిలో ముగుస్తుంది. దక్షిణాఫ్రికాలోని ఎంపుమలంగ రాష్ట్రం, అక్కడి లోయలు, జలపాతాలు, క్రూగర్ పార్కు చూడాలని మా ముగ్గురికీ ఎప్పటి నుంచో కోరిక. ఒక ఏజెంట్ 8 రోజులకు ముగ్గురికి 8.7 లక్షలు చెప్పాడు. 14 శాతం వడ్డీతో రెండేళ్ల పర్సనల్ లోన్ ఇప్పిస్తానంటున్నాడు. లోన్ తీసుకోమంటారా? ఎఫ్‌డీ తీయమంటారా? చిట్టీ ఇప్పుడే పాడేయమంటారా?

జవాబు: మూడూ వద్దు సార్. ట్రిప్ మాత్రం మానుకోవద్దు.

ముందు లోన్ సంగతి చూద్దాం. 8.7 లక్షలకు 14 శాతం చొప్పున 24 నెలల ఈఎంఐ 41,770 దాకా వస్తుంది. వడ్డీయే 1.32 లక్షలు. హోం లోన్‌తో కలిపితే నెలకు 70 వేలు, అంటే వచ్చే జీతంలో సగానికి పైగా వాయిదాలకే పోతుంది. పైగా ఆ వాయిదాలు తీరే సమయానికి పాప ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో ఉంటుంది. ఎఫ్‌డీ ఆ రోజు కోసం దాచిందే కాబట్టి దాన్ని అక్కడే ఉండనివ్వండి. చిట్టీ విషయానికొస్తే, ఇప్పుడు పాడితే పాటలో ఎంత వదులుకోవాలో మీకు తెలుసు. జనవరి దాకా ఆగితే కమీషన్ పోను 1.9 లక్షల దాకా చేతికొస్తుంది. మీకు పెద్ద మొత్తం అవసరమయ్యేది టికెట్లకే, అవి కొనాల్సింది కూడా అప్పుడే.

అసలు 8.7 లక్షలు ఎందుకవుతోంది? ఏజెంట్ ఇచ్చిన కాగితంలో రెండు రాత్రులు ప్రైవేటు గేమ్ లాడ్జ్, అంటే అడవిలో సొంత సఫారీలు నడిపే ఖరీదైన బస, ఉండే ఉంటుంది, చూడండి. ఎంపుమలంగలో జేబుకు చిల్లు పెట్టేది అదే. లోయలు, జలపాతాలు చవక. క్రూగర్‌లోనూ ప్రభుత్వ జాతీయ పార్కుల సంస్థ సాన్‌పార్క్స్ నడిపే రెస్ట్ క్యాంపుల్లో ఉంటే ఖర్చు చాలా తగ్గుతుంది. లాడ్జ్‌లో ఒక రాత్రికి ముగ్గురికి అయ్యే డబ్బుతో క్యాంపులో చాలా రాత్రులు గడపొచ్చు. అవే ఏనుగులు, అవే సింహాలు.

క్యాంపు అంటే టెంటే అనుకోకండి. గడ్డి కప్పిన గుండ్రటి గుడిసెలు ఉంటాయి. లోపల మంచాలు, ఏసీ, బాత్‌రూమ్ అన్నీ ఉంటాయి. వరండాలో ఫ్రిజ్, బయట నిప్పుల మీద వండుకునే ఇనుప స్టాండ్ ఉంటాయి. చాలావాటిలో గిన్నెలు, చిన్న స్టవ్ కూడా ఇస్తారు. బుక్ చేసేటప్పుడు వంట సౌకర్యం ఉన్నదే ఎంచుకోండి. ఫ్రిజ్ తలుపు మాత్రం గట్టిగా వేయాలి, కోతులు తీసేస్తాయి. సూపర్‌మార్కెట్‌లో బియ్యం, కూరగాయలు దొరుకుతాయి. మాస్ అని పుల్లటి పెరుగు అమ్ముతారు, మన వాళ్లకు నచ్చుతుంది. కొంచెం కారప్పొడి తీసుకెళితే తిండి టెన్షన్ ఉండదు.

నేనైతే వచ్చే మే నెలలో 9 రాత్రులకు ఇలా ప్లాన్ చేస్తాను. హైదరాబాద్ నుంచి జొహన్నెస్‌బర్గ్‌కు నేరుగా విమానం లేదు. దుబాయ్, దోహా లేదా అడిస్ అబాబాలో మారాలి. దిగాక కారు అద్దెకు తీసుకుని తూర్పుగా ఎన్4 హైవే పట్టాలి. బెల్ఫాస్ట్ దగ్గర పక్కకు తిరిగి డల్‌స్ట్రూమ్, లైడెన్‌బర్గ్ మీదుగా లాంగ్ టామ్ కనుమ ఎక్కి సాబీలో దిగి గ్రాస్కోప్ చేరండి. హైవే మీదే తిన్నగా వెళ్తే తగిలే మచాడో టోల్ తప్పుతుంది, దారి కూడా అందంగా ఉంటుంది. ఒక్కరోజులో అంటే అలసట, అందుకే మొదటి రాత్రి డల్‌స్ట్రూమ్‌లో ఆగండి. ఆ కొండ రోడ్ల మీద గుంతలు ఉంటాయి, చీకటి పడ్డాక నడపొద్దు.

గ్రాస్కోప్ చిన్న ఊరు. మూడు రాత్రులు అక్కడే మకాం పెట్టండి. రోజుకో ఊళ్లో హోటల్ మారితే డబ్బూ పోతుంది, ఓపికా పోతుంది. గాడ్స్ విండో అనే వ్యూపాయింట్, బుర్క్స్ లక్ పోట్‌హోల్స్, గుండ్రటి గుడిసెల్లా కనిపించే త్రీ రోండావెల్స్ కొండలు, లిస్బన్, బెర్లిన్ జలపాతాలు అన్నీ ఈ ఊరికి ఉత్తరంగా ఆర్532 రోడ్డు మీద, దాని పక్క రోడ్ల మీద వస్తాయి. సుమారు 26 కిలోమీటర్ల పొడవున్న బ్లైడ్ నది లోయను త్రీ రోండావెల్స్ దగ్గర నిలబడి చూడాలి. ట్రూర్, బ్లైడ్ నదులు కలిసేచోట నీళ్లు, గులకరాళ్లు సుడులు తిరిగి బండలో తొలిచిన గుండ్రటి గుంతలే పోట్‌హోల్స్. వంతెన మీద నుంచి తొంగి చూడొచ్చు. ప్రతిచోటా విడివిడిగా టికెట్ కొనాలి. కార్డు తీసుకోని చోట్లు ఉంటాయి కాబట్టి కొన్ని రాండ్‌లు (అక్కడి కరెన్సీ) నోట్లుగా పెట్టుకోండి. గాడ్స్ విండోకు పొగమంచు పట్టి ఉంటే టికెట్ కొన్నా తెల్లటి తెర తప్ప ఏమీ కనపడదు. అందుకే అక్కడే ఉండి ఆకాశం తేటగా ఉన్న రోజు చూసుకుని వెళ్లడం మేలు.

1873లో బంగారం దొరికి పుట్టిన పిల్‌గ్రిమ్స్ రెస్ట్ ఊరు కూడా పక్కనే. రేకుల ఇళ్లతో ఆనాటి వీధి అలాగే ఉంది. వీధిలో తిరగడానికి డబ్బు కట్టక్కర్లేదు. గ్రాస్కోప్ లోయలోకి దించే 51 మీటర్ల లిఫ్ట్ ఉంది గానీ, నేనైతే ఆ డబ్బు క్రూగర్‌లో సాయంత్రం సఫారీకి దాచుకుంటాను.

అక్కడి నుంచి హేజీవ్యూ మీదుగా ఫాబెనీ గేటులో క్రూగర్‌లోకి వెళ్లండి. స్కుకూజా క్యాంపులో రెండు రాత్రులు, లోయర్ సాబీ క్యాంపులో ఒకటి. ఆ రెండింటి మధ్య రోడ్డు సాబీ నది ఒడ్డునే సాగుతుంది, జంతువులు బాగా కనిపించే దారి అది. తారు రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్లు దాటకూడదు. మే నెలలో సాయంత్రం ఐదున్నరకే క్యాంపు గేట్లు మూసేస్తారు. చీకట్లో చూడాలంటే క్యాంపు వాళ్ల వాహనంలోనే వెళ్లాలి. తిరుగు ప్రయాణంలో క్రొకడైల్ బ్రిడ్జ్ గేటు నుంచి బయటపడి ఎంబొంబేలా నగరంలో, తర్వాత జొహన్నెస్‌బర్గ్‌లో ఒక్కో రాత్రి ఆగండి.

ఇప్పుడు ఖర్చు. రాండ్‌ను 5 రూపాయలుగా లెక్కేశాను. ముందే కొంటే ముగ్గురి విమాన టికెట్లు 2 లక్షల్లో రావాలి. కారు అద్దె, పెట్రోలు, టోల్ కలిపి 45 వేలు. తొమ్మిది రాత్రుల బసకు 75 వేలు. క్రూగర్‌లో విదేశీయులకు తలకు, రోజుకు 600 రాండ్‌ల దరిదాపుల్లో ప్రవేశ రుసుము ఉంటుంది, మూడు రోజులకు 27 వేలు. దాన్ని ఏటా పెంచుతారు. ఏడాది పాస్ లాంటి వైల్డ్ కార్డ్ అమ్ముతారు గానీ మూడు రోజులకు అది గిట్టదు. క్యాంపు సఫారీలకు 10 వేలు, గ్రాస్కోప్ చుట్టుపక్కల టికెట్లకు 10 వేలు, తిండికి 28 వేలు. వీసా, ఇన్సూరెన్స్, మందులకు 30 వేలు. రేటు పెరిగినా, టైరు పంక్చరైనా పనికొచ్చేలా ఇంకో 40 వేలు. మొత్తం 4.65 లక్షలు.

ఈ జూన్ నుంచి ఏప్రిల్ దాకా 11 నెలలు, నెలకు 25 వేలు పక్కన పెడితే 2.75 లక్షలు. చిట్టీ 1.9 లక్షలు. సరిగ్గా 4.65 లక్షలు, ఆర్‌డీ వడ్డీ అదనం. వచ్చే నెల నుంచి ఆర్‌డీలో వేయండి, ఈ నెల డబ్బు మాత్రం వేయకండి. క్రూగర్ క్యాంపులకు దాదాపు 11 నెలల ముందు నుంచే బుకింగ్ తెరుస్తారు, స్కుకూజా, లోయర్ సాబీ త్వరగా నిండిపోతాయి. మూడు రాత్రులకు 30 వేల దాకా అవుతుంది, ఈ నెల మిగులుకు ఇంకో 5 వేలు కలిపి ఇప్పుడే బుక్ చేసేయండి.

మే ఎందుకంటే, మీకు వేసవి సెలవులు. అక్కడ వానలు తగ్గి, గడ్డి ఎండి జంతువులు కనిపించే కాలం మొదలవుతుంది. స్థానిక స్కూళ్లకు జూన్ చివర్లో సెలవులిస్తే అద్దెలు పెరుగుతాయి, అంతకు ముందే మీరు తిరిగొస్తారు. ఆ పై ఏడాది మే అంటే పాపకు ఎప్‌సెట్, ఇక కుదరదు. కాలేజీ వాళ్లు వేసవి క్లాసులంటారేమో, ఆ గొడవ మీరే తేల్చుకోవాలి!

పన్నుల మాట. ఏజెంట్ దగ్గర ప్యాకేజీగా కొంటే మొదటి రూపాయి నుంచే టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే పన్ను) కట్టాలి. 2026 ఏప్రిల్ నుంచి ఇది 2 శాతం. విమానం టికెట్ ఒకచోట, బస మరోచోట మీరే విడిగా కొంటే అది ప్యాకేజీ కాదు. విదేశీ కరెన్సీ నింపుకునే ఫారెక్స్ కార్డులో వేసుకునే డబ్బుకు కూడా ఏడాదికి 10 లక్షల వరకు టీసీఎస్ లేదు. ప్యాకేజీయే కావాలనుకుంటే 8.7 లక్షల్లో జీఎస్టీ, టీసీఎస్ కలిపారో లేదో రాతపూర్వకంగా అడగండి. కట్టిన టీసీఎస్ వివరాలు జీతం బిల్లు చేసేవాళ్లకు ఇస్తే టీడీఎస్‌లో సర్దుబాటవుతుంది, లేదంటే రిటర్న్‌లో వెనక్కి వస్తుంది.

ఖర్చులకు రాండ్ ఉన్న ఫారెక్స్ కార్డు వాడండి. మామూలు క్రెడిట్ కార్డుకు 3.5 శాతం మార్కప్, దాని మీద జీఎస్టీ పడుతుంది. మెషీన్ రూపాయల్లోనా, రాండ్‌లలోనా అని అడిగితే రాండ్‌లే నొక్కండి, రూపాయలంటే వాళ్ల రేటు వేసేస్తారు. కారుకు మాత్రం క్రెడిట్ కార్డు తప్పదు. కారు నడిపే వ్యక్తి పేరు మీదున్న కార్డులోనే డిపాజిట్ బ్లాక్ చేస్తారు. మీ లిమిట్ ఎంతుందో చూసుకోండి, తక్కువుంటే ఇప్పటి నుంచే పెంచమనండి. అక్కడా మనలాగే ఎడమవైపు డ్రైవింగ్. లైసెన్స్ ఇంగ్లిష్‌లో ఉండాలి, ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా తీసుకుంటే మంచిది.

రెండు కాగితాలు మర్చిపోవద్దు. విదేశాలకు వెళ్లడానికి మీ శాఖ అనుమతి ఒకటి. దానికి నెలలు పట్టొచ్చు, టికెట్లు కొనకముందే అప్లై చేయండి. చవగ్గా వస్తోందని అడిస్ అబాబా మీదుగా టికెట్ కొని, అక్కడ 12 గంటలకు మించి ఆగాల్సివస్తే ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ కావాలి. టీకా కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. క్రూగర్‌లో మలేరియా ఉంది, మాత్రల గురించి అదే సమయంలో డాక్టర్‌ని అడగండి.