మొదటి గుర్రం: జీను ఎక్కకముందే తేలవలసిన సంగతులు

ప్రశ్న: పెద్దయ్యాక, ఈ దేశం వచ్చాక స్వారీ నేర్చుకున్నాను. నడక, ట్రాట్ అనే చిన్న పరుగు బాగానే వచ్చు. కాంటర్ అనే ఇంకాస్త వేగమైన పరుగులో ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటున్నాను. సొంత గుర్రం కొనుక్కోవాలని ఉంది. నాలుగైదు ప్రకటనలు చూసి పెట్టుకున్నాను. చూడటానికి వెళ్ళినప్పుడు ఏమేం గమనించాలి?

జవాబు: ప్రకటనల దగ్గరికి వెళ్ళేముందు మీ వీసా సంగతి, ఉద్యోగం సంగతి చూసుకోండి. గుర్రం పాతికేళ్ళు, ముప్ఫై ఏళ్ళు బతికే జంతువు. పదేళ్ళదాన్ని కొన్నా మీ చేతిలో ఇంకో పదిహేనేళ్ళు ఉండవచ్చు. ఉన్నట్టుండి వేరే నగరానికి బదిలీ అయితే మంచి చేతిలో పెట్టడానికి నెలలు పడుతుంది. మీ నివాసం ఇంకా స్థిరపడకపోతే ఏడాదిపాటు లీజుకు తీసుకోండి. బ్రిటన్‌లో దీన్ని లోన్ అంటారు. ఒకే గుర్రాన్ని ఇద్దరు పంచుకుని ఖర్చు భరించే షేర్ పద్ధతి కూడా ఉంది. అలా ఏడాది గడిపినవారికి తమకు ఎలాంటి గుర్రం కావాలో నా సలహా లేకుండానే తెలిసిపోతుంది.

ఖర్చు గురించి మన సామెతే చాలు: గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు. 500 కిలోల గుర్రానికి రోజుకు ఎనిమిది నుంచి పది కిలోల ఎండుగడ్డి కావాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కించాలి, లాడాలు ఉంటే మార్పించాలి. పళ్ళు అరగదీయించడం, టీకాలు, నులిపురుగుల పరీక్ష, సాల అద్దె, బీమా ఎలాగూ ఉంటాయి. చవకగా వచ్చిన గుర్రానికీ ఇవన్నీ అంతే అవుతాయి. అందుకే కొనే ధరలో కొంత మిగుల్చుకుందామని ఆరోగ్యం దగ్గరో స్వభావం దగ్గరో రాజీ పడటం శుద్ధ దండగ.

ఇక మీరు అడిగిన విషయానికి వస్తాను. గుర్రాన్ని నేల మీద నిలబడి ఎంచుకోండి. జీను ఎక్కాక చూడవలసింది కొంత ఉంటుంది కానీ, సగానికి పైగా తీర్పు అంతకుముందే అయిపోవాలి. స్వారీ బడిలో గుర్రం జీను వేసుకుని సిద్ధంగా మీ ముందుకు వస్తుంది. దాన్ని మైదానంలో పట్టుకున్నదెవరో, గిట్టలు శుభ్రం చేసినదెవరో మీరు చూడరు. అక్కడ అది తోటి గుర్రాల వెనకాల అలవాటైన దారిలో, కంచె లోపల తిరుగుతుంది. సొంత గుర్రమైతే ఆ పనులన్నీ మీవే, అదీ చాలాసార్లు ఒంటరిగా. రోజులో గంటసేపు జీను మీద ఉంటే మిగతా సమయమంతా దాని పక్కనే ఉంటారు. వర్షంలో, చీకట్లో, ఆఫీసు అయిపోయి అలసిపోయి వచ్చాక కూడా దాన్ని మీరే నడిపించాలి. ఆ వేళ అది మిమ్మల్ని లాగేస్తుందా, తొక్కేస్తుందా, ఓపికగా నిలబడుతుందా అన్నదే అసలు ప్రశ్న.

ప్రకటనలో రాసినదానికన్నా రాయనిదే ఎక్కువ చెబుతుంది. మైదానంలో సులువుగా పట్టుబడుతుంది, లాడాలు కొట్టేటప్పుడు నిలబడుతుంది, ట్రైలర్ ఎక్కుతుంది, వాహనాలకు బెదరదు అని నాలుగూ రాసి ఉంటే మంచిదే. మూడే ఉంటే నాలుగోదాని గురించి ఫోన్ చేసి అడగండి. ‘అనుభవజ్ఞులకు మాత్రమే’ అని ఉంటే నమ్మండి, అది మీకోసం రాసిన హెచ్చరికే. ‘ఎంతో ఎదిగే అవకాశం ఉంది’ అంటే ఇంకా నేర్పవలసింది చాలా ఉందని. ఫోన్‌లోనే ఎందుకు అమ్ముతున్నారో, ఎన్నాళ్ళుగా వారి దగ్గర ఉందో, కడుపునొప్పి, గిట్టల వాపు, కుంటు ఎప్పుడైనా వచ్చాయో, ఈ వారంలో ఏమైనా మందులు వాడారో అడిగి, జవాబులు సందేశంగా కూడా పంపమనండి. మాటకు సాక్ష్యం ఉండదు. ప్రైవేటు అమ్మకంలో మీరు అడగని లోపానికి అమ్మినవారు కొన్ని దేశాల్లో బాధ్యులు కారు. అడిగినదానికి అబద్ధం చెబితే మాత్రం కథ వేరు. మీ గురించి కూడా నాలుగు ప్రశ్నలు వేసే అమ్మకందారు దొరికితే సంతోషించండి. ఎవరి దగ్గర నేర్చుకుంటున్నారు, ఎక్కడ ఉంచుతారు అని ఆరా తీసేవారికి ఆ గుర్రం మీద మమకారం ఉన్నట్టే.

వయసు విషయంలో నేను మొండివాడిని. ఎనిమిది నుంచి పదిహేనేళ్ళ మధ్యదే చూడండి. నాలుగేళ్ళ గుర్రానికి మీరు నేర్పాలి, మీకేమో ఇంకా ఎవరో నేర్పాలి. ఇద్దరూ కొత్తవాళ్ళయితే దెబ్బలు మీకే తగులుతాయి. విత్తులు తీసిన మగ గుర్రమైనా, ఆడ గుర్రమైనా స్వభావం బాగుంటే ఫరవాలేదు. విత్తులు ఉన్న మగ గుర్రం మాత్రం వద్దు. పందేల నుంచి విరమించిన థరోబ్రెడ్ జాతి గుర్రాలు తక్కువ ధరకు దొరుకుతాయి, అందంగానూ ఉంటాయి. మళ్ళీ మొదటి నుంచి నేర్పిస్తే గానీ వాటిలో చాలావాటికి సామాన్య స్వారీ తెలియదు. ఎత్తు మోజు కూడా వదులుకోండి. గుర్రాన్ని మూపు దగ్గర హ్యాండ్స్‌లో కొలుస్తారు, ఒక హ్యాండ్ అంటే నాలుగు అంగుళాలు. 14 హ్యాండ్స్ 2 అంగుళాల గట్టి గుర్రం చాలామంది పెద్దవాళ్ళను హాయిగా మోస్తుంది. ఎత్తు కన్నా బరువు ముఖ్యం. మీరు, జీను కలిపి గుర్రం బరువులో ఐదో వంతు దాటకూడదన్నది సాధారణంగా చెప్పే హద్దు. కొత్తగా నేర్చుకునేవారు జీనులో ఎగిరెగిరి పడతారు కనుక అంతకన్నా తక్కువే నయం. రంగు గురించి నేనేమీ చెప్పను, చెప్పినా వినరు.

చూడటానికి వెళ్ళేటప్పుడు మీకు నేర్పుతున్న వ్యక్తిని వెంటబెట్టుకుని వెళ్ళండి. వారి సమయానికి డబ్బు ఇవ్వండి. వచ్చేసరికి గుర్రాన్ని మైదానంలోనే ఉంచమని ముందే చెప్పండి. మీరు చేరేసరికి అది కడిగి, దువ్వి, జీను వేసి సిద్ధంగా ఉంటే జీను కింద చెయ్యి పెట్టి చూడండి. చెమట తడి తగిలిందంటే మీరు రాకముందే దాన్ని అలసిపోయేలా తిప్పారన్నమాట. మరీ మత్తుగా, తల వేలాడేసి, కింది పెదవి జారిపోయి ఉంటే మత్తుమందు ఇచ్చారేమోనని అనుమానించి, ఇంకో రోజు చెప్పకుండా వస్తానని అడగండి.

పట్టుకోవడం, నడిపించడం, కట్టేయడం ముందు వారిని చెయ్యనిచ్చి, తరువాత మీరు చెయ్యండి. నాలుగు కాళ్ళూ ఒక్కొక్కటే మీ చేత్తో ఎత్తి గిట్ట శుభ్రం చెయ్యండి. కాలు విదిలిస్తుందా, మీ మీద బరువు వేస్తుందా చూడండి. ముందరి రెండు గిట్టలూ ఒకే ఆకారంలో ఉన్నాయో లేదో ఎదురుగా కూర్చుని చూడండి. గిట్ట గోడ మీద అడ్డంగా గీతలు పడి, అవి ముందువైపు దగ్గరగా, మడమవైపు ఎడంగా ఉంటే గతంలో లామినైటిస్ వచ్చి ఉండవచ్చు. గిట్ట లోపలి మెత్తటి పొరలు వాచే ఈ జబ్బు ఒకసారి వచ్చిన గుర్రానికి మళ్ళీ రావడం సులువు. మోకాలి కింద వెనకవైపు స్నాయువుల మీదుగా చెయ్యి జార్చండి. ఒక కాలికి ఉన్న వేడి, గడ్డ రెండోదానికి లేకపోతే ఎందుకని అడగండి. జూలు, తోక మొదలు రుద్దుకుని వెంట్రుకలు తెగి ఉంటే దోమల్లాంటి చిన్న ఈగలు కుట్టడం వల్ల వచ్చే దురద జబ్బు కావచ్చు. చలికాలంలో చూస్తే ఇది కనబడదు, కాబట్టి గత వేసవిలో తీసిన ఫోటోలు అడగండి. సాల తలుపు అంచు కొరికి కొరికి నున్నగా ఉంటే ఆ గుర్రానికి కర్ర పట్టి గాలి మింగే అలవాటు ఉందేమో కనుక్కోండి.

తంగు (జీనును కడుపు కింద కట్టే పట్టీ) బిగించే క్షణాన్ని మాత్రం రెప్ప వాల్చకుండా చూడండి. నాకు అన్నిటికన్నా నమ్మకమైన ఘడియ అదే. బాగున్న గుర్రం ఓ చెవి తిప్పి ఊరుకుంటుంది. చెవులు వెనక్కి అణిచి, తల తిప్పి పళ్ళు చూపించి, కడుపు బిగబట్టి, ముందుకాలు తట్టిందంటే ఎక్కడో నొప్పి ఉన్నట్టే. వీపు కావచ్చు, కడుపులో పుండ్లు కావచ్చు, జీను సరిపోకపోవడం కావచ్చు. ‘అది ఎప్పుడూ అలాగే చేస్తుంది, పట్టించుకోకండి’ అని అమ్మేవారు నవ్వేస్తే మీరు నవ్వకండి.

తరువాత గట్టి నేల మీద తిన్నగా నడిపించి, ఆపైన ట్రాట్ చేయించమనండి. తాడు వదులుగా ఉండాలి, బిగించి పట్టుకుంటే తల ఊపు కనబడదు. ట్రాట్‌లో ఎదురెదురు మూలల కాళ్ళు జంటగా పడతాయి కనుక తాళం సమంగా వినిపించాలి. ఒక్కసారి కళ్ళు మూసుకుని వినండి, చెవికి తేడా తొందరగా దొరుకుతుంది. ముందరి కాలు నొప్పిగా ఉన్న గుర్రం ఆ కాలు నేల తాకినప్పుడు తల పైకెత్తి, మంచి కాలు పడ్డప్పుడు దించుతుంది. వెనక కాలైతే తుంటి ఒక పక్క ఎక్కువగా లేస్తుంది. గుండ్రంగా తిప్పితే తిన్నగా వెళ్ళేటప్పుడు దాగినది బయటపడుతుంది.

స్వారీకి వరుస తప్పనివ్వకండి: ముందు అమ్మేవారు, తరువాత మీ గురువు, చివరకు మీరు. అమ్మేవారు ఎక్కనంటే మీరూ ఎక్కకండి, సాకు ఏదైనా సరే. మీరు ఎక్కాక నైపుణ్యాలు పరీక్షించుకునే పని పెట్టుకోవద్దు. నిలబెట్టండి, నడిపించండి, ట్రాట్ చెయ్యండి, మళ్ళీ ఆపండి. కళ్ళెం లాగకుండా ఆగిందా? మీరు తూలి తప్పు సంకేతం ఇచ్చినప్పుడు సర్దుకుపోయిందా, ఉలిక్కిపడిందా? ఆ తరువాత దాన్ని సాల నుంచి ఒంటరిగా రోడ్డు మీదకు తీసుకెళ్ళమని వారిని అడగండి. తోటి గుర్రాలను వదిలి వెళ్ళడానికి మొండికేసే గుర్రం కొత్త రౌతు చేతిలో ఇంకా మొండికేస్తుంది.

ఆ రోజే బయానా ఇవ్వకండి. మొహమాటం మనవాళ్ళకు పుట్టుకతో వచ్చిన జబ్బు, అంతసేపు టీ ఇచ్చి చూపించారు కదా అని కాదనలేకపోతాం. ‘గుర్రం బాగుంది, నాకు సరిపోదు’ అనండి చాలు. అక్కడ దాన్నెవరూ తప్పు పట్టరు. నచ్చితే మరో రోజు, మరో వేళప్పుడు వెళ్ళి మళ్ళీ చూడండి.

రెండోసారీ నచ్చితే పశువైద్యుడి పరీక్ష తప్పనిసరి. అమ్మేవారి గుర్రాలను చూసే వైద్యుడు కాకుండా వేరొకరిని మీరే కుదుర్చుకోండి. ఏ పనికి కొంటున్నారో ఆయనకు స్పష్టంగా చెప్పండి, తీర్పు దాన్నిబట్టే ఉంటుంది. బ్రిటన్‌లో ఈ పరీక్ష ఐదు దశల్లో సాగుతుంది. నిలబెట్టి చూడటం, నడిపించి చూడటం, స్వారీలో చూడటం, విశ్రాంతి ఇవ్వడం, మళ్ళీ ట్రాట్ చేయించడం. రక్తం కూడా తీయించండి. నొప్పి తెలియకుండా బ్యూట్ అనే నొప్పి మందు గానీ మత్తుమందు గానీ ఇచ్చి ఉంటే దానిలో దొరుకుతుంది. వైద్యుడు ఏ లోపమూ లేదని రాసివ్వడు. ఏ గుర్రానికైనా ఏదో ఒకటి ఉంటుంది, ఆ లోపంతో మీ పని జరుగుతుందా అన్నదే ఆయన్ను అడగండి. బీమా కంపెనీ ఆ నివేదిక చూసి ఏయే భాగాలకు డబ్బు ఇవ్వనంటుందో కూడా కొనేముందే కనుక్కోండి.

కాగితాల విషయంలో దేశానికో పద్ధతి. బ్రిటన్‌లో, ఐరోపా సమాఖ్య దేశాల్లో గుర్రానికి పాస్‌పోర్టు, మెడలో మైక్రోచిప్ ఉండాలి. వైద్యుడి చేత చిప్ చదివించి పాస్‌పోర్టులోని సంఖ్యతో పోల్చుకోండి. బ్రిటన్‌లో పాస్‌పోర్టు యాజమాన్యానికి రుజువు కాదు కనుక అమ్మకపు పత్రం విడిగా రాయించుకోవాలి. అమెరికాలో కాగిన్స్ పరీక్ష ఫలితం అడగండి. అంటు రక్తహీనత లేదని తేల్చే ఈ కాగితం లేకుండా చాలా సాలలు గుర్రాన్ని లోపలికి రానివ్వవు. అమ్మకపు పత్రంలో వయసు, ఎత్తు, చిప్ సంఖ్య, అమ్మేవారు స్వభావం గురించి చెప్పిన మాటలు అన్నీ ఉండాలి. వ్యాపారి దగ్గర కొంటే వినియోగదారుల చట్టం మీకు అండగా ఉండే దేశాలున్నాయి, ఆ తేడా ముందే తెలుసుకోండి.

అన్నీ కుదిరి తెచ్చుకునే రోజున అది పాత చోట తినే ఎండుగడ్డి కొన్ని మోపులు డబ్బిచ్చి తెచ్చుకోండి. కొత్త గడ్డిని పది రోజుల్లో కొద్దికొద్దిగా కలపాలి, గుర్రానికి వాంతి రాదు కనుక కడుపు చెడితే ప్రాణం మీదకే వస్తుంది. మొదటి రెండు మూడు వారాలు తోటి గుర్రాలకు దూరంగా, వేరే బకెట్‌తో ఉంచమని సాల యజమాని అంటారు. గొంతు గ్రంథులు వాచే అంటువ్యాధి ఏదైనా వెంట వచ్చిందేమో చూడటానికే అది. ఆ వారాల్లో స్వారీ తొందర పెట్టుకోకుండా రోజూ రెండు పూటలా వెళ్ళి, పట్టుకుని, దువ్వి, గిట్టలు ఎత్తి, ఓ పావుగంట నడిపించి రండి.