పిల్లలకు షుగర్ మిఠాయిల వల్ల వస్తుందా?

తొమ్మిదేళ్ల పాపకు టైప్ 1 షుగర్ అని తేలిందనీ, మిఠాయిలు ఎక్కువగా పెట్టడమే కారణమా అనీ మీరు అడిగారు. కాదు. ఆరేళ్ల క్రితం మా బంధువులు నా భార్యను ఇదే ప్రశ్న వేశారు. ఆ మాట ఆమె మనసులోంచి ఇప్పటికీ పోలేదు.

మా అబ్బాయికి అప్పుడు ఎనిమిదేళ్లు. మూడు వారాలుగా రాత్రిళ్లు లేచి చెంబెడు నీళ్లు తాగేవాడు, పక్క తడిపేవాడు. ఎండాకాలం కదా అనుకున్నాము. వాంతులు మొదలైతే దగ్గరి క్లినిక్‌లో అజీర్తి అని మందిచ్చి పంపారు. ఆ రాత్రి వాడు పరుగెత్తి వచ్చినవాడిలా రొప్పుతూ, పిలిస్తే పలకని స్థితికి చేరాడు. పెద్దాసుపత్రిలో డ్యూటీ నర్సు వంగి వాడి ఊపిరి వాసన చూసి, షుగర్ అనుమానంతో మరో మాట లేకుండా వేలు గుచ్చింది. మీటరు మీద అంకె రాలేదు, ‘హై’ అని మాత్రమే వచ్చింది. నాలుగు రోజులు ఐసీయూలో ఉన్నాడు. నిమిషం పట్టే ఆ పరీక్ష ఉదయమే ఎందుకు చేయలేదన్న బాధ నాకు తీరలేదు.

అసలు కారణం ఒంటి రక్షణ వ్యవస్థ దారి తప్పడం. గుండెకు పైన ఉండే థైమస్ గ్రంథిలో టి కణాలకు, అంటే రోగక్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలకు, ఇన్సులిన్‌తో సహా ఒంట్లోని ప్రోటీన్లను చూపించి, వాటి మీదికి దూకే కణాలను అక్కడే తొలగించే ఏర్పాటు ఉంది. తప్పించుకున్నవాటిని నియంత్రక టి కణాలు అదుపు చేస్తాయి. ఈ కణాలను 1995లో గుర్తించిన షిమోన్ సకగుచికి, వాటికి కీలకమైన ఫాక్స్‌పి3 జన్యువును వెలికితీసిన మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకు 2025లో నోబెల్ వచ్చింది. ఆ కాపలా తప్పినప్పుడే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు సొంత సైన్యం చేతిలో నశిస్తాయి. ఫాక్స్‌పి3 లోపంతో పుట్టిన మగపిల్లల్లో చాలామందికి పాలు తాగే వయసులోనే ఈ షుగర్ వస్తుంది. ఆ పసివాళ్లు ఏ లడ్డూలు తిన్నారు?

కాకరకాయ రసంతో ఇన్సులిన్ మానిపించవచ్చని చెప్పేవారిని దయచేసి ఇంట్లోకి రానివ్వకండి. బీటా కణాలు పోయాక ఏ రసమూ ఇన్సులిన్‌ను పుట్టించలేదు. సూది ఆపితే ప్రాణం పోతుంది.

జబ్బు బయటపడటానికి నెలలు, ఏళ్ల ముందే రక్తంలో ఆ దాడిని సూచించే యాంటీబాడీలు కనిపిస్తాయి. ఆ దశలో వ్యాధిని సుమారు రెండేళ్లు వాయిదా వేయగల టెప్లిజుమాబ్ అనే మందును 2022లో అమెరికా అనుమతించింది. మా చిన్నమ్మాయికి ఆ పరీక్ష చేయించాము, లేవని వచ్చింది. వచ్చే ఏడాది మళ్లీ చేయిస్తాము. మీ పాపకు తోబుట్టువులుంటే వారి గురించి కూడా మీ వైద్యుణ్ణి అడగండి.