ఏటి నీళ్లలో మందు ఉందో లేదో ఎలా పట్టుకుంటారు?

ప్రశ్న: మాది గుణుపురం, ఇల్లు వంశధార దగ్గరే. డేటు అయిపోయిన మాత్రలు, సిరప్‌లు కాలవలో పారేస్తే అదంతా ఏట్లోకే పోతుంది. నీళ్లు ల్యాబ్‌కి ఇస్తే బాగున్నాయని రిపోర్ట్ వచ్చింది. అంటే మందుల్లేనట్టేనా?
– ఎమ్మెస్సీ కెమిస్ట్రీ స్టూడెంట్, రాయగడ జిల్లా

జవాబు: కాదమ్మా. ఆ రిపోర్ట్‌లో చూసేది పీహెచ్, టీడీఎస్, ఫ్లోరైడ్, బ్యాక్టీరియా లాంటివే, మందుల కోసం వాళ్లు అసలు వెతకరు. ఏట్లో మందులు చాలావరకు లీటరుకి నానోగ్రాముల్లోనే ఉంటాయి, నీళ్లు నేరుగా మెషీన్‌కి ఇస్తే చాలాసార్లు ఆనవు, అందుకే ముందు వాటిని నీళ్లలోంచి లాగాలి, అసలు పనంతా ఇక్కడే ఉంది.

ఎక్కువగా వాడేది సాలిడ్ ఫేజ్ ఎక్స్‌ట్రాక్షన్. సిరంజిలాంటి చిన్న గొట్టంలో హెచ్‌ఎల్‌బీ అనే పొడి ఉంటుంది, దాన్ని ముందు మిథనాల్‌తో, తర్వాత నీళ్లతో తడిపి, వడకట్టిన లీటరు నీళ్లు నెమ్మదిగా దాంట్లోంచి పోనిస్తారు, తొందరపడితే మందు పొడికి అంటకుండానే జారిపోద్ది. అంటుకున్నదాన్ని మిథనాల్‌తో దించి, నైట్రోజన్ గాలితో ఆరబెట్టి, ఒక్క మిల్లీలీటరుకి తెస్తారు, అంటే వెయ్యి రెట్లు చిక్కనయినట్టు. అప్పుడు ఎల్‌సీ-ఎంఎస్‌ఎంఎస్‌కి, అంటే మందుల్ని విడదీసి అణువుల బరువుని బట్టి గుర్తుపట్టే మెషీన్‌కి పెడతారు.

నీళ్ల పీహెచ్ కూడా చూసుకోవాలి. డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటి నొప్పి మందులు యాసిడ్‌లో చార్జ్ పోగొట్టుకుని పొడికి బాగా అంటుతాయి. టెట్రాసైక్లిన్ యాంటీబయోటిక్‌లేమో కాల్షియంని పట్టుకుని కూర్చుంటాయి, అందుకే ఆ కాల్షియంని లాగేసుకునే ఈడీటీఏ అనే రసాయనం కలుపుతారు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2007లో ఇచ్చిన 1694 మెథడ్‌లో పీహెచ్ 2 దగ్గర కొన్ని, పీహెచ్ 10 దగ్గర కొన్ని, ఇలా విడివిడిగా తీస్తారు.

బురద కూడా తీసుకో తల్లీ. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ మట్టికి గట్టిగా అంటుకుంటుంది, నీళ్లలో కనపడలేదని వదిలేస్తే అడుగున ఉన్నది మిస్సవుతావు. ఈ మందు ఎంతవరకు చేరగలదో 2007లో పటాన్‌చెరు దగ్గర తేలింది, మందుల కంపెనీల మురుగు శుద్ధి చేసే ప్లాంటు నుంచి వదిలిన నీళ్లలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా దొరికింది. అది చదివినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది.

శాంపిల్ తీసే రోజు సన్‌స్క్రీన్, సెంట్ సబ్బు, కాఫీ వద్దు, నీ చేతిదే నీళ్లలో చేరిపోద్ది. బ్రౌన్ గాజు సీసాలో, ఐస్ మీద పెట్టు. కాలవ కలిసేచోటికి పైన ఒకటి, కింద ఒకటి తియ్యి, పక్కనే శుభ్రమైన నీళ్ల బ్లాంక్ కూడా నడుపు, అందులో మందు కనపడితే అది ఏటిది కాదు, నీ చేతి నుంచో సీసా నుంచో వచ్చినట్టు. మీ కాలేజీలో మెషీన్ లేకపోయినా గొట్టాల పని అక్కడే చేసి, ఆరిన గొట్టాల్ని ఫ్రీజర్‌లో పెట్టి ఐస్ బాక్స్‌లో మెషీన్ ఉన్న యూనివర్సిటీకి పంపొచ్చు, లీటర్ల కొద్దీ నీళ్లు మోసుకెళ్లక్కర్లేదు.