డయాలసిస్ అవుతూనే ఉంది కదా, మళ్లీ ఆ హార్మోన్ ఇంజెక్షన్ ఎందుకు?

సోంపేటలో మీ నాన్నగారికి వారానికి రెండుసార్లు డయాలసిస్ అవుతోందని, అయినా హిమోగ్లోబిన్ 7 దాటడం లేదని, డాక్టరుగారు హార్మోన్ ఇంజెక్షన్ రాశారని, దాని బదులు బీట్‌రూట్, దానిమ్మ రసం పడితే చాలదా అని అడిగారు. చాలదండీ. నేను డాక్టర్ని కాదు. కవిటి దగ్గర పల్లెలో మా అమ్మకు నాలుగేళ్లు డయాలసిస్ చేయించినవాణ్ణి.

ముందు రసాల సంగతి. మేమూ అదే చేశాం. జీడితోటలో కూలికి వెళ్లిన మనిషి, మంచం దిగితే ఆయాసపడుతుంటే చూడలేక రోజూ బీట్‌రూట్ రసం, పైగా మన చెట్టు కొబ్బరి బొండాం ఇచ్చాం. బీట్‌రూట్, దానిమ్మ, కొబ్బరి నీళ్లు, ఈ మూడింటిలోనూ పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. ఒక రాత్రి అమ్మకు కాళ్లూ చేతులూ పట్టు తప్పాయి. రక్తపరీక్షలో పొటాషియం 6.8. గుండె ఆగిపోయే ప్రమాదం ఉందని అర్ధరాత్రి డయాలసిస్ చేశారు. ఆ రాత్రి తలచుకుంటే ఇప్పటికీ భయమే. దయచేసి ఆ రసాలు ఆపండి.

కిడ్నీ అంటే వడపోత ఒక్కటే అనుకుంటాం. అది హార్మోన్లు కూడా తయారుచేస్తుంది. ఒంట్లో ఆక్సిజన్ తగ్గితే పసిగట్టి ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోన్ వదులుతుంది. అది ఎముక మూలుగకు చేరితేనే ఎర్రకణాలు సరిపడా పుడతాయి. డయాలసిస్ మెషిన్ యూరియాను, ఎక్కువైన నీటిని తీస్తుంది గానీ ఈ హార్మోన్‌ను ఇవ్వలేదు. అందుకే ఇంజెక్షన్.

ఆ చిన్న సీసా వెనక యూజీన్ గోల్డ్‌వాసర్ అనే షికాగో శాస్త్రవేత్త జీవితం ఉంది. ఈ హార్మోన్ కిడ్నీలోనే పుడుతుందని 1957లో ఆయన బృందం ఎలుకల మీద చూపింది. దాన్ని విడిగా, శుద్ధంగా తీయడానికి మాత్రం ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. చివరికి జపాన్ నుంచి తకాజి మియాకే అనే పరిశోధకుడు, మూలుగ పనిచేయక రక్తం తగ్గిన రోగుల మూత్రం 2,550 లీటర్లు సేకరించి, ఎండబెట్టి పొడిగా తెచ్చి ఇచ్చారు. దాన్నుంచి దొరికింది కొన్ని మిల్లీగ్రాములే. 1977లో ఆ ఫలితం అచ్చయింది. 1983లో ఆమ్జెన్ కంపెనీలో ఫు-కుయెన్ లిన్ ఈ హార్మోన్ జన్యువును పట్టుకోవడంతో, దీన్ని జీవకణాల్లో పెద్ద ఎత్తున తయారుచేసే దారి దొరికింది. 1989లో అమెరికాలో మందుగా అనుమతి వచ్చింది. అంతకుముందు డయాలసిస్ వాళ్లకు మాటిమాటికీ రక్తం ఎక్కించడమే. గోల్డ్‌వాసర్ 2010లో, 88 ఏళ్ల వయసులో పోయారు. చివరికి ఆయన కిడ్నీలూ దెబ్బతిన్నాయి. ఈ సంగతి చదివిన రోజు అమ్మకు చెబితే, "ఆ బాబు ఎవరో గానీ నన్ను నడిపించాడు" అంది.

ఇంజెక్షన్ మొదలెట్టినా మొదటి నెల అమ్మకు ఏమీ పెరగలేదు. కారణం ఐరన్. కణాలు తయారుకమ్మని హార్మోన్ చెప్పినా, సరుకు లేకపోతే మూలుగ ఏం చేస్తుంది? ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించి, ఐరన్ నరానికి ఎక్కించాక మూడు నెలల్లో హిమోగ్లోబిన్ 6.9 నుంచి 10.1కి వచ్చింది. తోట దాకా మళ్లీ నడిచింది. 13 దాటించాలని మాత్రం ఆశపడకండి, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. బీపీ కూడా పెరగొచ్చు, ఇంట్లో చూసుకుంటూ ఉండండి.

ఇంజెక్షన్ ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. తెలియక నేను ఒకసారి ఫ్రీజర్‌లో పెట్టాను. గడ్డకట్టిన మందు పనికిరాదు, పారేశాను. పలాస నుంచి బస్సులో తెచ్చుకుంటే ఐస్ ప్యాక్ పెట్టిన థర్మోకోల్ డబ్బాలో తెండి, ఐస్ మందుకు నేరుగా తగలకుండా మధ్యలో గుడ్డ చుట్టండి.

రక్తం ఎక్కించేద్దామని ఎవరైనా తొందరపెడితే డాక్టరుగారిని ఒకమాట అడగండి. మాటిమాటికీ ఎక్కిస్తే ఒంట్లో యాంటీబాడీలు పుట్టి, రేపు కిడ్నీ మార్పిడికి దాత కుదరడం కష్టమవుతుంది. ప్రాణం మీదికొస్తే తప్పదు, అది వేరు.

ఎముకల నొప్పులు కూడా ఉన్నాయని రాశారు. విటమిన్ డిని పనిచేసే రూపంలోకి మార్చేదీ ప్రధానంగా కిడ్నీయే. కాల్షియం, ఫాస్ఫరస్, పీటీహెచ్ (ఒంట్లో కాల్షియాన్ని అదుపుచేసే హార్మోన్) పరీక్షలు రాయమనండి.

నాన్నగారి ఫెరిటిన్ ఎంతుందో ఈసారి సెంటర్‌కి వెళ్లినప్పుడు అడగండి. ఆ పరీక్ష ఇంతవరకూ చేయకపోతే ముందు అది చేయించండి.